మూలన పడ్డ కంప్యూటర్లు, మన పిల్లలు

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక గ్రామ సంఘం సహాయకురాలు చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి లింకేజీలు, రికవరీలు, వడ్డీలు విని అందరికీ తలలు వేడెక్కి ఉంటాయి. నాకిచ్చింది కొంచెం సేపే. మా గ్రామ సంఘం గదిలో ఏడాదిగా నడుపుతున్న పిల్లల కంప్యూటర్ల గురించి చెప్పమన్నారు. బాగా జరిగింది చెప్తాను, నా వల్ల జరిగిన తప్పు కూడా చెప్తాను. ఎందుకంటే ఇవాళ సాయంత్రం పెట్టబోయే తీర్మానాల్లో ఒకటి దీనికి సంబంధించిందే. పిల్లలకు డిజిటల్ చదువుల ప్యాకేజీ అని ఒక కంపెనీ వాళ్ళు వచ్చి వెళ్ళారు కదా, బిడ్డకు ఏడాదికి 1,200 రూపాయలు. అది కొనాలా వద్దా అని మనం చెయ్యెత్తాలి. ఎత్తే ముందు ఇది వినండి.

మా ఊళ్ళో నన్ను యానిమేటర్ అనే పిలుస్తారు. ఇంటర్ చదివి, ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేశాను, అంతే. ఇంజినీరునేం కాదు. మన పుస్తకాలు రాయడం, ఫోన్లో ఎంట్రీలు కొట్టడం, బ్యాంకు చుట్టూ తిరగడం, ఇదీ నా పని. మా సంఘం గదిలో నాలుగు పాత కంప్యూటర్లు పట్టా కప్పి ఉండేవి. ఒకప్పుడు లెక్కలు వాటిలోనే ఎక్కించేవాళ్ళం. అన్నీ ఫోన్లోకీ ట్యాబ్‌లోకీ వచ్చాక వాటిని ముట్టుకున్నవాళ్ళు లేరు. ఆన్ చేస్తే పది నిమిషాలు తిరుగుతూనే ఉండేవి. పాత సామాన్లవాడు కిలోల లెక్కన ఇచ్చెయ్యమన్నాడు. ఇచ్చేసేవాళ్ళమే.

సంక్రాంతికి మా అక్క కొడుకు వచ్చాడు. ఇంజినీరింగ్ చదువుతున్నాడు. పట్టా తీసి చూసి, "పిన్నీ, వీటికేం కాలేదు, లోపల ఉన్న సాఫ్ట్‌వేర్ బరువైపోయింది. పిల్లలకోసం తయారుచేసింది ఒకటుంది, పెన్ డ్రైవ్ ఉంటే చాలు, డబ్బులు కట్టక్కర్లేదు" అన్నాడు. పేరేంట్రా అంటే షుగర్ అన్నాడు. మా అమ్మ పక్కనే ఉండి, "ఉన్న షుగర్ చాలదా, పిల్లలక్కూడా తగిలిస్తారా" అంది. ఈ హాల్లో సగం మందిమి పొద్దున్నే మాత్ర వేసుకుని వచ్చినవాళ్ళమే కాబట్టి నవ్వు వస్తుంది. ఈ షుగర్ ఆ షుగర్ కాదు. కంప్యూటర్ ఆన్ చెయ్యగానే ఎదురుగా కనబడే తెర ఉంటుంది కదా, ఆ మొత్తాన్నీ పిల్లల కోసం మార్చి కట్టిన ఏర్పాటు.

దీని పుట్టుక కొంచెం చెప్తాను. అమెరికాలో ఎంఐటీ అనే పెద్ద విద్యాసంస్థకు చెందిన నికొలస్ నెగ్రోపాంటే గారు 2005లో ఒక మాట ప్రకటించారు. పేద దేశాల పిల్లలకు వంద డాలర్లలో ఒక లాప్‌టాప్, ఒక్కో బిడ్డకు ఒక్కోటి అని. చివరికి దాని ఖర్చు వందకు రాలేదు, రెండు వందలకు దగ్గరైంది. చిన్న ఆకుపచ్చ డబ్బాలా ఉండేది. దాని కోసం తయారుచేసిన తెరే ఈ షుగర్. 2008లో వాల్టర్ బెండర్ గారు షుగర్ ల్యాబ్స్ అని విడిగా పెట్టి, ఆ లాప్‌టాప్ లేకపోయినా మామూలు కంప్యూటర్ల మీద కూడా నడిచేలా దాన్ని ముందుకు తీసుకెళ్ళారు. మన దేశానికీ వచ్చింది. 2007లో మహారాష్ట్రలో ఖైరాత్ అనే పల్లెలో ఒకే టీచరున్న బడిలో ఆ లాప్‌టాప్‌లు పెట్టి చూశారు.

ఇది ఎవరైనా తీసుకోవచ్చు, ఎంతమందికైనా ఇవ్వచ్చు, మార్చుకోవచ్చు. దొంగ కాపీ కాదు. అలాగే ఇవ్వాలని రాసినవాళ్ళే పెట్టిన షరతు. మన హైదరాబాదులో స్వేచ్ఛ అని ఒక సంస్థ ఉంది, తెలుగులో కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్ తెచ్చినవాళ్ళు. వాళ్ళు ఆ పేరు పెట్టుకున్నది ఈ అర్థంతోనే అని మావాడు చెప్పాడు.

ఇక ఎలా ఎక్కించామో చెప్తాను. మీ ఊళ్ళో చేయబోయేవాళ్ళు ఇది జాగ్రత్తగా వినండి, మిగతావాళ్ళు మంచినీళ్ళు తాగి రండి.

ఫెడోరా అనే లినక్స్ ఉంది. దాని వాళ్ళే షుగర్‌ని కలిపి "షుగర్ ఆన్ ఎ స్టిక్" అని ఇస్తారు. పెన్ డ్రైవ్ మీద షుగర్ అని అర్థం. అది ఒక్క పెద్ద ఫైలు. సెల్‌ఫోన్ నెట్‌తో రాత్రంతా పెట్టి దింపాం. ఫెడోరా మీడియా రైటర్ అనే చిన్న ప్రోగ్రాంతో దాన్ని పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించాలి. ఫైలు కాపీ చేసి పేస్ట్ చేస్తే పనిచెయ్యదు, ఇది గుర్తుపెట్టుకోండి. ఎక్కించేటప్పుడు ఆ పెన్ డ్రైవ్‌లో ముందున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. పెళ్ళి ఫొటోలున్న పెన్ డ్రైవ్ తెచ్చి ఇవ్వకండి.

తర్వాత పెన్ డ్రైవ్ పెట్టి కంప్యూటర్ ఆన్ చేస్తూ, ఎఫ్12 గానీ ఎఫ్9 గానీ ఎస్కేప్ గానీ ఒత్తుతూ ఉండాలి. ఒక్కో కంపెనీకి ఒక్కో బటన్. దేని నుంచి మొదలుపెట్టను అని కంప్యూటర్ అడుగుతుంది, పెన్ డ్రైవ్ పేరు చూపించాలి. మా నాలుగింటిలో ఒకటి అసలు ఒప్పుకోలేదు. అది 32 బిట్ ప్రాసెసర్ ఉన్నది, మరీ పాతది. ఫెడోరా వాళ్ళు 2019 నుంచి అలాంటివాటికి ఇవ్వడం ఆపేశారు. దాన్ని పాత సామాన్లవాడికే ఇచ్చాం. ఇంకోదానికి కరెంటు సరఫరా చేసే పెట్టె కాలిపోయి ఉంది, కొత్తది వేయించాం. మిగిలినవి మూడు.

మొదటిసారి తెర వెలిగినప్పుడు ఏముందో తెలుసా? నీ పేరేంటి అని అడిగింది. తర్వాత నీకు నచ్చిన రంగు ఎంచుకో అంది. పాస్‌వర్డులేమీ లేవు. తర్వాత తెర మధ్యలో ఒక చిన్న బొమ్మ వస్తుంది. గుండ్రటి తల, కింద గుణకారం గుర్తులాంటి ఒళ్ళు, అదే బిడ్డ. దాని చుట్టూ వలయంలా పనులు. రాసుకునేది, బొమ్మలు వేసేది, లెక్కలు చేసేది, మాట్లాడేది, జ్ఞాపకం ఆట, తాబేలు. మన కంప్యూటర్లలో ఉన్నట్టు ఫోల్డర్లు, కిటికీ మీద కిటికీ ఉండవు. ఒక పని తెరిస్తే తెరంతా అదే ఉంటుంది.

ఆదివారం పదింటి నుంచి పన్నెండింటి వరకు పెట్టాం. మూడు కంప్యూటర్లు, ఒక్కోదాని ముందు ఇద్దరు, అరగంట వంతు. అంటే రెండు గంటల్లో 24 మంది. మొదటి రోజే 40 మంది వచ్చారు, పెద్ద గోల.

మాట్లాడే బొమ్మ ముందు అందరూ గుమిగూడారు. ఏం కొడితే అది చదువుతుంది. రేకు డబ్బాలో నోరు పెట్టి మాట్లాడినట్టు ఉంటుంది గొంతు. పిల్లలు తమ పేర్లు, తర్వాత మాస్టారి పేరు, తర్వాత తిట్లు కొట్టారు. తిట్లు ఇంగ్లీషు యాసలో వినబడి అందరూ పడీ పడీ నవ్వారు. నేను ఆపలేదు. తిట్టు కొట్టడానికైనా అక్షరాలు వెతుక్కోవాలి కదా!

నాకు బాగా నచ్చింది తాబేలు. దీని వెనక పెద్దాయన సీమోర్ పేపర్ట్ గారు. 1967లో పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తయారుచేసినవాళ్ళలో ఆయన ఒకరు. పిల్లలు కంప్యూటర్ చెప్పింది చెయ్యడం కాదు, పిల్లలు చెప్పింది కంప్యూటర్ చెయ్యాలి అన్నది ఆయన పట్టుదల. తెర మీద తాబేలు ఉంటుంది. వంద అడుగులు ముందుకు నడువు, కుడికి తిరుగు అని దిమ్మెలు ఒకదాని కింద ఒకటి అంటించాలి. నడిచిన దారంతా గీత పడుతుంది. వంద నడిచి 90 తిరగడం నాలుగుసార్లు చేస్తే చదరం. 60 చొప్పున ఆరుసార్లు తిరిగితే ఆరు మూలల బొమ్మ. మొత్తం తిరుగుడు 360 రావాలి, ఎన్ని మూలలు కావాలంటే అన్నింటితో భాగించుకోవాలి. ఈ మాట నేను చెప్పలేదు, నాకూ తెలియదు. పిల్లలే తిప్పి తిప్పి పట్టుకున్నారు. పట్టుకున్నది ఒక ఎనిమిదో తరగతి ఆడపిల్ల.

ఆ పిల్ల గురించే చెప్పాలి. వాళ్ళమ్మ మన సంఘం సభ్యురాలే, కూలికి వెళ్తుంది, సంతకం కూడా మన దగ్గరే నేర్చుకుంది. ఆ పిల్ల చదరం గీసి, పది డిగ్రీలు తిప్పి, మళ్ళీ చదరం గీసి, అలా 36 సార్లు చేయించింది. చూస్తే పెద్ద ముగ్గు. ధనుర్మాసంలో వాకిలి నిండా వేసే రథం ముగ్గంత అందం. రంగులు మార్చింది. మూడు వారాలు దాని మీదే కూర్చుంది. ఒక ముగ్గు లోపల ఇంకో ముగ్గు పెట్టింది. వాళ్ళమ్మకు చూపించాలని నాలుగో ఆదివారం ఆమెను వెంటబెట్టుకు వచ్చింది. మిరపకాయ కోతల కాలం అది. ఆ రోజు కూలి వదులుకుని వచ్చింది ఆమె, చీర మార్చుకుని.

ఆన్ చేస్తే నీ పేరేంటి అని అడిగింది కంప్యూటర్, మొదటి రోజు అడిగినట్టే.

ఏమీ లేదు. ముగ్గు లేదు, ఎవరు చేసినవీ లేవు. మూడో వారం సాయంత్రం నేను అన్నింటినీ శుభ్రంగా ఆపి, ప్లగ్గులు తీసి పెట్టాను. అంతకుముందు రెండు వారాలూ మావాడు ఫోన్లో చెప్పినట్టు మూత దించినట్టుగా నిద్రపుచ్చి ఉంచాను, ఆపలేదు. ఎందుకు ఆపొద్దన్నాడో నేను అడగలేదు. కరెంటు బిల్లు అవుతుందని నాకు నేనే ఆపేశాను.

పెన్ డ్రైవ్ నుంచి నడుస్తున్నప్పుడు అందులో చేసినదంతా కంప్యూటర్ జ్ఞాపకంలో ఉంటుంది, పలక మీద రాసినట్టు. ఆపగానే పలక తుడిచినట్టే. పెన్ డ్రైవ్‌లోకి తిరిగి రాయదు, దానికోసం వేరే ఏర్పాటు చెయ్యాలి, లేదా కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాలి. ఇది నాకు ముందే తెలిసి ఉండాల్సింది. మనం సమావేశం మినిట్స్ పలక మీద రాసుకుని ఇంటికెళ్ళిపోతామా?

ఆ తల్లి తిట్టలేదు. "బ్యాంకులోనూ ఇంతేగా, కట్టామంటే కనబడట్లేదంటారు" అని మాత్రం అంది. ఆ పిల్ల ఏడవలేదు కూడా. లేచి వెళ్ళిపోయింది. తర్వాత రెండు ఆదివారాలు రాలేదు. నేను వాళ్ళింటికి వెళ్తే లోపల్నుంచి బయటికి రాలేదు.

అప్పుడు హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాలని కూర్చున్నాం. ఇక్కడ ఇంకో గండం. ఆ హార్డ్ డిస్కుల్లో మన పాత లెక్కలున్నాయి, సభ్యుల ఫొటోలున్నాయి, పాత తీర్మానాల కాపీలున్నాయి. ఎక్కిస్తే అవన్నీ పోతాయి. ఒకసారి దెబ్బ తిన్నాను కాబట్టి ఈసారి తొందరపడలేదు. గ్రామ సంఘం సమావేశంలో పెట్టి, తీర్మానం రాయించి, ఏపీఎం గారికి చెప్పి, మొత్తం ఇంకో పెన్ డ్రైవ్‌లోకి తీసి, ఆ పెన్ డ్రైవ్ తెరుచుకుంటోందా లేదా అని ఇంకో కంప్యూటర్‌లో చూసి, కోశాధికారి గారి బీరువాలో పెట్టించాం. అప్పుడు ఎక్కించాం. షుగర్‌లో టెర్మినల్ అని నల్లటి పలకలాంటి పని ఉంటుంది. దాంట్లో ఎల్, ఐ, వి, ఇ, ఐ, ఎన్, ఎస్, టి అని కలిపి కొడితే ఎక్కించే తెర వస్తుంది. ఏ డిస్క్‌లోకి అని అడుగుతుంది. అక్కడ మాత్రం పెన్ డ్రైవ్‌ని చూపించకూడదు, లోపలి డిస్క్‌నే చూపించాలి. ఒక్కోదానికి అరగంట పైనే పట్టింది. చెయ్యడం తెలిసినవాళ్ళు పక్కన ఉంటే మంచిది. మావాడు ఫోన్లో వీడియో పెట్టుకుని పక్కనే ఉన్నట్టు చెప్పాడు.

ఇప్పుడు ఆపినా, కరెంటు పోయినా, చేసినది ఉంటుంది. షుగర్‌లో జర్నల్ అని ఒకటుంది. పిల్లలు సేవ్ అని నొక్కక్కర్లేదు. ఏ పని తెరిచినా, దాన్ని మూసినప్పుడు అదే రాసి పెట్టుకుంటుంది. ఏం చేశారు, ఎప్పుడు చేశారు అన్నది వరసగా ఉంటుంది. దాని మీద నొక్కితే ఆపిన చోటి నుంచి మళ్ళీ మొదలవుతుంది. నాకు అది చూడగానే మన మినిట్స్ పుస్తకమే గుర్తొచ్చింది.

కానీ ఒక చిక్కుంది. ఇది ఒక్కో బిడ్డకు ఒక్కో యంత్రం అనుకుని తయారుచేసినది. మన దగ్గర ఎనిమిది మందికి ఒకటి. ఎనిమిది మంది పనీ ఒకే జర్నల్‌లో కలిసిపోతుంది. అందుకని ఒక అలవాటు పెట్టాం. పని మూసే ముందు దాని పేరు మార్చి తమ పేరు, తరగతి రాయాలి. ఇంకొకరిది తెరవకూడదు, తుడపకూడదు. ఒక పిల్లాడు కావాలని తుడిపేశాడు. నెల రోజులు కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు, పక్కన కూర్చుని చిన్నవాళ్ళకు చెప్పమన్నాం. వాడే ఇప్పుడు బాగా చెప్తున్నాడు. నెలకోసారి అన్నీ పెన్ డ్రైవ్‌లోకి తీసి పెడుతున్నాం. అది నేను కాదు, పిల్లల్లో ఒకరు చేస్తారు, రిజిస్టర్‌లో సంతకం పెడతారు.

ఆ ఆడపిల్ల మూడో వారం వచ్చింది. వస్తూ నోట్‌బుక్ తెచ్చింది. ఇంట్లో కూర్చుని ఏ దిమ్మె తర్వాత ఏ దిమ్మె, ఎంత నడక, ఎంత తిరుగుడు అన్నీ కాగితం మీద రాసుకుంది. చూసి మళ్ళీ వేసింది, రెండు గంటల్లో అయిపోయింది. వాళ్ళమ్మ ఆ ఆదివారం రాలేదు, కూలి పోగొట్టుకోవడం రెండోసారి కుదరదు కదా. మేమే ఫొటో తీసి సంఘం సమావేశంలో చూపించాం. ఆమె ఫోన్ పట్టుకుని చాలాసేపు చూసి, "ఈ మూల చుక్క తప్పిందే" అంది. నిజంగానే తప్పింది. తర్వాతి వారం పిల్ల సరిచేసింది.

ఆడపిల్లల మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. మొదట్లో ఇద్దరిని ఒక కంప్యూటర్ ముందు కూర్చోబెడితే మౌస్ ఎప్పుడూ మగపిల్లాడి చేతిలోనే ఉండేది. ఆడపిల్ల చూస్తూ ఉండేది. అరగంటలో ఆమె చెయ్యి దాని మీద పడేది కాదు. మేము గమనించలేదు, ఎప్పుడూ బడి పక్కన టీ కొట్టుకి పాలు పోసే ఒక పెద్దమ్మ వచ్చి, "ఆ పిల్లలెందుకు, సినిమా చూడ్డానికొచ్చారా" అని అడిగింది. అప్పటి నుంచి ఇద్దరూ ఆడపిల్లలు, లేదా ఇద్దరూ మగపిల్లలు, పదిహేను నిమిషాలకు మౌస్ మారాలి. గోడ గడియారం చూస్తూ ఒక సభ్యురాలు కూర్చుంటుంది. ఆదివారానికి ఒకరు, వంతు ప్రకారం. చదువు రావక్కర్లేదు, గడియారం చూడగలిగితే చాలు. వంతు వచ్చినవాళ్ళు మొదట్లో బెరుకుగా కూర్చునేవాళ్ళు. ఇప్పుడు కొందరు జ్ఞాపకం ఆట ఆడుతున్నారు. ఆ ఆటలో బొమ్మలూ మాటలూ మనమే పెట్టుకోవచ్చు. పిల్లలు తెలుగు అక్షరాలు పెట్టి ఒకటి తయారుచేశారు, అది మా అక్కలకు బాగా పనికొస్తోంది.

ఇబ్బందులు కూడా చెప్పాలి. తెర మీద మాటలు చాలావరకు ఇంగ్లీషులోనే కనబడ్డాయి. చిన్న తరగతుల పిల్లలు బొమ్మను చూసి గుర్తుపడతారు, చదవలేరు. తెలుగు కొట్టాలంటే కీబోర్డు అమరికలో తెలుగు కలుపుకోవాలి. ఇన్‌స్క్రిప్ట్ అంటారు. అచ్చులు, గుణింతాలు ఎడమ చేతికి, హల్లులు కుడి చేతికి వస్తాయి, ఎక్కువభాగం. అమ్మ అని కొట్టడానికి నాలుగు బటన్లు. అది అలవాటు కావడానికి టైము పడుతుంది. కాగితం ముక్కల మీద అక్షరాలు రాసి బటన్లకు అంటించాం, చెమట చేతులకు ఊడిపోయాయి. మళ్ళీ అంటించాం. వర్షాకాలంలో రెండు ఆదివారాలు కరెంటే లేదు. ఎలుకలు ఒక వైరు కొరికాయి.

మరీ చిన్నపిల్లలకు, అంటే అంగన్‌వాడీ దాటిన వయసువాళ్ళకు తాబేలు కష్టం. వాళ్ళ కోసం ఒక కంప్యూటర్‌లో జీకాంప్రి అనేది కూడా పెట్టాం. ఫ్రాన్స్‌లో బ్రూనో కుదాఁ అనే ఆయన 2000లో మొదలుపెట్టారు. ఫ్రెంచ్ భాషలో ఆ పేరు పలికితే "నాకు అర్థమైంది" అన్నట్టు వినబడుతుందట. మౌస్ కదపడం, రంగులు పోల్చడం, లెక్కపెట్టడం, ఇలా వందకు పైగా ఆటలు. ఇది మామూలు విండోస్ కంప్యూటర్‌లోనూ, ఫోన్‌లోనూ కూడా నడుస్తుంది, కాబట్టి కంప్యూటర్ మార్చడం ఇష్టం లేనివాళ్ళు ఇదొక్కటైనా పెట్టుకోండి. ప్రకటనలు రావు. ఫోన్లో ఆటలాడుతూ పిల్లలు నొక్కకూడనివి నొక్కి డబ్బులు పోగొట్టుకున్న ఇళ్ళు మన మండలంలో ఉన్నాయి, పేర్లు చెప్పను.

నెట్ అక్కర్లేదు వీటికి. ఇది నా దృష్టిలో పెద్ద లాభం. మా గదిలో నెట్ పెట్టలేదు, పెట్టం.

మార్కులు పెరిగాయా అని ఏపీఎం గారు అడిగారు. నేను పెరిగాయని చెప్పను. నాకు తెలియదని కాదు, అలా కొలిచినవాళ్ళు ఉన్నారు. పెరూ అనే దేశంలో ఇదే లాప్‌టాప్‌లు లక్షల్లో పంచారు. 2012లో ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు తరఫున 319 పల్లె బడుల్లో పరిశీలించారు. లెక్కల్లో, భాషలో మార్కులు పెరిగిన దాఖలా లేదని తేల్చారు. ఆలోచించే శక్తిలో కొంచెం మార్పు కనబడిందన్నారు. అంటే డబ్బాలు పంచేసి వెళ్ళిపోతే చదువు రాదు. మన కేరళలో 2001లో ఐటీ ఎట్ స్కూల్ అని మొదలుపెట్టి, దాన్నే ఇప్పుడు కైట్ అంటున్నారు, ప్రభుత్వ బడుల్లో ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేరే వాడుతున్నారు. అక్కడ ముందు టీచర్లకు నేర్పారు, పాఠ్యపుస్తకం రాశారు, పాడైతే బాగుచేసే మనుషుల్ని పెట్టారు. మనకు అంత బలం లేదు. మనకున్నది ఆదివారం రెండు గంటలు పక్కన కూర్చునే ఒక అక్క.

లెక్క చెప్పకపోతే మనవాళ్ళు ఊరుకోరు. పెన్ డ్రైవ్‌లు రెండు, 700. మౌస్‌లు మూడు, 750. కీబోర్డులు రెండు, 800. కరెంటు పెట్టె ఒకటి, 900. పొడుగు వైరు ప్లగ్గుల బోర్డు, 450. మొత్తం 3,600 రూపాయలు, బిల్లులు ఫైల్లో ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌కు సున్నా. గ్రామ సంఘం ఇతర ఖర్చుల పద్దు కింద తీర్మానం చేసి ఇచ్చారు. పాత కంప్యూటర్ అమ్మితే వచ్చినది జమ రాశాం. ఆ కంపెనీ ప్యాకేజీ అయితే మా 24 మందికి ఏడాదికి 28,800 అయ్యేది. మళ్ళీ ఏడాది మళ్ళీ కట్టాలి. అందులో పాఠాలు బాగుండొచ్చు, నేను కాదనను, పదో తరగతి పిల్లలకు పనికిరావచ్చు. కానీ కట్టడం ఆపిన రోజు పిల్లలు చేసినదంతా ఎవరి దగ్గర ఉంటుందని నేను ఆ వచ్చినాయన్ని అడిగాను. సర్వర్‌లో ఉంటుందమ్మా అన్నాడు. తీసి ఇస్తారా అంటే, పైవాళ్ళను అడిగి చెప్తానన్నాడు. ఇంకా చెప్పలేదు.

అందుకని సాయంత్రం తీర్మానానికి నేను ఒక సవరణ ఇస్తున్నాను, రాతపూర్వకంగా కార్యదర్శి గారికి అందజేశాను. ప్యాకేజీ నిర్ణయం ఆరు నెలలు వాయిదా వెయ్యాలి. ఈలోపు ఏ గ్రామ సంఘంలో పాత కంప్యూటర్లు పడి ఉన్నాయో లెక్క తియ్యాలి. అమ్మకానికి పెట్టకూడదు. పాత లెక్కలు బయటికి తీసి, సరిగ్గా తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే హార్డ్ డిస్క్ ముట్టుకోవాలి. మూడు ఊళ్ళ వాళ్ళు ముందుకొస్తే నేనూ మా అక్క కొడుకూ దసరా సెలవుల్లో వచ్చి ఎక్కించి పెడతాం. ఛార్జీలు ఇస్తే చాలు, భోజనం మీరే పెడతారు. కానీ ఒక షరతు. ఆదివారం వంతు ప్రకారం కూర్చునే సభ్యుల పేర్లు ముందు రాసి ఇవ్వాలి. కనీసం ఎనిమిది పేర్లు. పేర్లు ఇవ్వకపోతే రాను.

మావాడు ఇంకో మాట చెప్పమన్నాడు. పెన్ డ్రైవ్‌తో ముందు రుచి చూడాలనుకునేవాళ్ళు చూడొచ్చు, మీ కంప్యూటర్‌లో ఉన్నదేమీ చెడదు, పెన్ డ్రైవ్ తీసేసి ఆన్ చేస్తే ఎప్పటిలాగే ఉంటుంది. పిల్లలకు మాత్రం ముందే చెప్పండి, ఇవాళ చేసినది రేపు ఉండదని.

భోజనాల తర్వాత వెనక గదిలో ఒక కంప్యూటర్ పెట్టాం. ఆ పిల్ల కూడా వచ్చింది, ముగ్గు వేసి చూపిస్తుంది. తొందరపడి మీరు మౌస్ లాక్కోకండి, పదిహేను నిమిషాలకు ఒకరు.